పొన్నమ్మ, ఆలంగాయం

8-7-2002, సోమవారం

పెన్షనర్ల సంఘం వాళ్ళు కొత్త ఉత్తర్వును కంప్యూటర్లో చూసుకోమన్నారు కాబట్టి చిన్నమణి బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళాను. వేలూరు కలెక్టరాఫీసు వెనక వీధిలో, మేడ మీద. ఆరు కేబిన్లు. చిన్నమణి గుడియాత్తంలో నా దగ్గర ఏడో తరగతి రెండేళ్ళు చదివింది. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ మనిషి, కళ్ళజోడు కూడా వచ్చింది.

"మెల్లంగా పట్టుకోండి టీచరమ్మా. అది మౌసు, నా చెవి కాదు" అంది. పక్క కేబిన్లో ఎవరో నవ్వారు.

ఉత్తర్వు దొరికింది. అరగంటలో ఇంకా పదహారు నిమిషాలు మిగిలాయి. "మనోళ్ళ గుంపు ఒకటుండాది, చూస్తారా?" అని ఒక పేజీ తెరిచింది. గుడియాత్తం నుంచి మస్కట్ పోయి కట్టడాల కంపెనీలో ఉన్న నటరాజన్ అనే అతను మొదలుపెట్టాడట. పేరు 'ఉత్తరార్కాడు తెలుగువాళ్ళు'. రెండు వందల నలభై మంది ఉన్నారు. అందరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారు.

ఈ తమిళ జిల్లాలో మనవాళ్ళకు తెలుగు మాట ఉంది, లిపి లేదు. ముప్పై ఏళ్ళు ఆదివారాలు ఉచితంగా ఓనమాలు చెప్పాను. పేపరు చదివే దాకా వచ్చినవాళ్ళు పందొమ్మిది మంది. ఇక్కడ లిపి జోలికి పోకుండానే ఇంతమంది ఉత్తరాలు రాసుకుంటున్నారు. కోపం వచ్చింది. ఇంకో అరగంట కూర్చున్నాను.

9-7-2002, మంగళవారం

మనవరాలు సింధుజ 7.20కి వచ్చింది. ఆఫీసు 5.30కి వదులుతారు. అడిగితే పని ఉండిందని చెప్పింది. ఇవాళ ఇంట్లో మా మధ్య మిగతా మాటలు: "అన్నం పెట్టేదా?" "ఊఁ." "పప్పు?" "చాలు."

వాళ్ళమ్మ పోయినప్పుడు ఐదేళ్ళ పిల్ల. పద్దెనిమిదేళ్ళుగా నా చేతుల మీదే పెరిగింది. నా కొడుకు పూర్ణచంద్ర తండ్రే గాని, మేస్త్రీ పని వాడిది. ఇప్పుడు మోర్ధానా దగ్గర కట్టడం పెట్టుకున్నాడు, ఆదివారం తప్ప కనబడడు.

అరుణాచలంగారి ఉత్తరం వచ్చింది. నాతో పనిచేసిన సైన్సు మాస్టరు, ఇప్పుడు గుడియాత్తంలో సొంతంగా మెట్రిక్యులేషన్ స్కూలు నడుపుతున్నారు. లెక్కల టీచరు ఉద్యోగం మా సింధుజకే ఇస్తారట. సెప్టెంబరు 16న ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. ఆమె బి.ఎస్సి. లెక్కలు, ఫస్ట్ క్లాసు. పోయిన ఏడాది జూన్‌లో పాసయ్యానని చెప్పింది. సర్టిఫికెట్టు ఇంకా కాలేజీలోనే ఉందని చెప్పింది.

ఉత్తరం చదివి వినిపిస్తే "సెరి" అని లోపలికి వెళ్ళింది. సంతోషం బయటికి చూపించే అలవాటు మా ఇంట్లో లేదు.

15-7-2002, సోమవారం

గుంపులో చేరకపోతే పాత ఉత్తరాలు చదవనివ్వదు. పేరు అడిగింది. రాజాంబాళ్, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ అని టైపు చేసి తుడిపేశాను. నా దగ్గర చదివినవాళ్ళు చాలామంది అందులో ఉన్నారు. నేను వచ్చానని తెలిస్తే లేచి నిలబడతారు, మాట్లాడరు. 'పొన్నమ్మ, 45, ఆలంగాయం' అని రాశాను.

పొన్నమ్మ మా స్కూల్లో నీళ్ళ ఆయా. నా గదిలోకి రావడానికి వణికే పిల్లలు ఆమె కుండల వెనక చేరి ఏడ్చేవాళ్ళు. ఆ పేరే ఎందుకు వచ్చిందో తెలియదు. చేతికి వచ్చింది, రాశాను.

ఇది అబద్ధం కిందికి రాదు. ఎవరికీ నష్టం లేదు.

22-7-2002, సోమవారం

ఎవరి అవ్వను గురించి వాళ్ళు రాయాలని నటరాజన్ అందరినీ అడిగాడు. మోనిష, 23, వేలూరు అనే అమ్మాయి రాసింది. లిపిలోకి మార్చి ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

'మా అవ్వ చానా చదువుకున్న మనిషి. నేను ఎన్ని గంటలకు ఇంటికి వచ్చినానో నోటుబుక్కులో రాసేది, నిమిషాలతో కూడా. నా తొమ్మిదో ఏట తెలుగు అక్షరాలు నేర్పతా, సరింగా రాయలేదని స్కేలు నిలువుగా పెట్టి కొట్టింది. ఆ పొద్దుతో నేర్చుకునేది నిలిపేసినాను. మా అవ్వ చచ్చిపోయింది. పోయిన ఏడాది జూన్ పదకొండున. ఆమెకు ఒక మాట చెప్పాలని కాలేజీ నుంచి పరిగెత్తతా వచ్చినాను. నేను వచ్చేలోపలే అంతా అయిపోయింది.'

కింద పదకొండు మంది సంతాపం తెలిపారు. మస్కట్ నుంచి నటరాజన్: 'మీ అవ్వ ఆత్మకు శాంతి కలగాలి.' కాట్పాడి నుంచి ఒకామె: 'కొట్టినా మన మంచికే కదా చెల్లీ, ఇప్పుడు ఆ చెయ్యి లేదు చూడు.'

చెయ్యి ఇక్కడే ఉంది. మౌసు మీద.

సింధుజ 7.10కి వచ్చింది. రసం పోశాను. స్కేలుతో కొట్టిన మాట నిజమే. కానీ నిలువుగా కాదు, స్కేలును పడుకోబెట్టి కొట్టాను.

23-7-2002

నిలువుగానే.

24-7-2002, బుధవారం

ఆ గుంపు బోర్డు చేరినవాళ్ళందరూ చదవడానికి పెట్టిందే. దొంగచాటుగా ఒకరి ఉత్తరం చింపి చదివినట్టు కాదు. పైగా వయసులో ఉన్న పిల్ల ఎవరెవరితో ఏం మాట్లాడుతోందో తెలుసుకోవడం పెద్దవాళ్ళ బాధ్యత.

పొన్నమ్మ పేరుతో మోనిషకు విడిగా నాలుగు వరుసలు రాశాను. 'నీది చదివినానమ్మా. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఊరకనే రాస్తా ఉండు.' కళ్ళలో నీళ్ళు తిరగలేదు. మర్యాదకు రాశాను.

5-8-2002, సోమవారం

ఈ వారం మూడు ఉత్తరాలు వచ్చాయి. నేను పదకొండు గంటలకు వెళతాను, ఆమె ఆఫీసు వదిలాక వెళుతుంది. అదే సెంటరుకని చిన్నమణి మాటల మధ్య అంది, ఒక్కోసారి అదే కేబిన్ కూడా కావచ్చు. చిన్నమణికి ఎవరి పేరుతో ఎవరు రాస్తారో తెలియదు. నేను చెప్పలేదు.

'అక్కా, మీ ఊర్లో ఏముండాది?' అని అడిగింది. జవ్వాది కొండల కింద మల్లెతోట ఉండాదని, ఒక కుంటి మేక ఉండాదని, దాని పేరు లచ్చి అని, మొగ్గలు తినేసి ఏమీ ఎరగనట్టు నిలబడతాదని రాశాను. ఆలంగాయం నేను ఒకే ఒకసారి చూశాను, ఎలక్షన్ డ్యూటీకి వెళ్ళినప్పుడు. 'ఉండాది' అని నా వేళ్ళే కొడుతున్నాయి. ముప్పై ఏళ్ళు పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో కొట్టేసిన మాట.

ఆమె జవాబు: 'లచ్చి మల్లెమొగ్గలు తినేసి నీ ముందర నీతిమంతురాలి మాదిరి నిలబడిన దాన్ని తలుచుకొని ఆఫీసులో గట్టిగా నవ్వేసినాను అక్కా. మేనేజరు తలెత్తి చూసినాడు.'

ఆమె నవ్వి ఎన్నేళ్ళయిందో నేను ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

సాయంత్రం 7.15. ఏమిటే అంత నవ్వు అని అడగబోయాను. నవ్వడం లేదు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళింది.

12-8-2002, సోమవారం

లిపి నేర్వని పిల్ల ఎంత మంచి తెలుగు రాస్తోంది! తప్పులున్నాయి. దిద్దలేదు.

19-8-2002, సోమవారం

'అక్కా, నీకొకటి చెప్పేదుండాది. నేను బి.ఎస్సి. పాసు కాలేదు. రెండు పేపర్లు అరియర్స్ ఉండాయి. ఇంట్లో అందురూ పాసనే అనుకుంటా ఉండారు. సెప్టెంబరు పదహారున నన్నొక స్కూల్లో చేర్పించాలని ఏర్పాటు. ఆ పొద్దు సర్టిఫికెట్టు అడుగుతారు. నా దగ్గర లేదు. ఎవురికి ఎట్ల చెప్పేదో తెలియల్యా.'

"కరెంటు పోయిందా టీచరమ్మా, ఏమి అట్ల కూర్చోనుండారు?" అంది చిన్నమణి.

కరెంటు ఉంది.

పద్నాలుగు నెలలు నా ఎదుట కూర్చుని అన్నం తింటూ నన్ను మోసం చేసింది. అరుణాచలంగారికి నేను నా చేతితో రాసి ఇచ్చిన మాట! ముప్పై ఏళ్ళలో ఒక్క రిజిష్టరులో ఒక్క గీత తప్పు పెట్టలేదు నేను. సాయంత్రం రాగానే నిలబెట్టి అడుగుతాను.

సాయంత్రం 7.25. అడగలేదు. అడిగితే ఎలా తెలిసిందంటుంది.

21-8-2002, బుధవారం

పోయిన ఏడాది పుస్తకం తీశాను. ఆమె అవ్వ చచ్చిపోయిన రోజు చూద్దామని.

11-6-2001. నా రాతే: 'సింధు పాసు. ఫస్ట్ క్లాసు. రవ్వ కేసరి చేశాను. 11.30కి పద్నాలుగు ఇళ్ళకు పంచాను. 12.00కి అరుణాచలంగారికి కార్డు పోస్టు చేశాను. సింధు 1.10కి వచ్చింది.'

ఆ వరుస క్రమం మళ్ళీ మళ్ళీ చదివాను. కేసరి 11.30కి. పిల్ల 1.10కి.

గత నెల తొమ్మిదో తేదీన ఇదే పుస్తకంలో 'పాసయ్యానని చెప్పింది' అని రాశాను. దిద్దుతున్నాను. ఆమె చెప్పలేదు. మూడేళ్ళూ ఆమె ప్రతి పరీక్ష మార్కులూ నేను రాసుకున్నాను. సగటు అరవై ఎనిమిది. ఆ లెక్క ప్రకారం ఫస్ట్ క్లాసు రావాలి. అందుకని రిజల్టు కోసం ఎదురుచూడలేదు. లెక్క సరిగానే వేశాను. చివరి రెండు పేపర్లు నా లెక్కలో లేవు.

ఆ రోజు సింధు గేటు తీసుకుని వచ్చింది, ముఖమంతా చెమట. పక్కింటి గోమతి నోట్లో కేసరి పెట్టుకునే, "ఎంత వచ్చినాది పాపా?" అని అడిగింది. "ఫస్ట్ క్లాసు" అన్నాను. నేను అన్నాను. సింధు నా వైపు చూసింది. చాలాసేపు కాదు. తర్వాత "ఊఁ" అంది.

ఒక మాట చెప్పాలని పరిగెత్తుకుంటూ వచ్చింది. 'నేను వచ్చేలోపలే అంతా అయిపోయింది' అని రాసింది.

2-9-2002, సోమవారం

ఆమె ఉత్తరం చిన్నది.

'పదిహేనో తేదీ ఆదివారం పొద్దున ఆరు గంటల బెంగుళూరు బస్సు ఎక్కేస్తా అక్కా. యాడికి పోయేదో ఇంకా తెలియదు. మా నాయన మొహం చూసి చెప్పేదానికన్నా అదే మేలు. నీకు తప్ప ఎవురికీ తెలియదు. నువ్వు ఎవురికీ చెప్పవు కదా.'

3-9-2002, మంగళవారం

జవాబు రాయడానికి గంటన్నర పట్టింది. 'వద్దమ్మా. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పు' అని రాశాను. ఏ పెద్దవాళ్ళకు? 'మీ అవ్వకు చెప్పు' అని టైపు చేసి చూసుకున్నాను. ఆమె అవ్వకు సంతాపం తెలిపినవాళ్ళలో పన్నెండో మనిషిని నేను. తుడిపేశాను.

నేనెవరో ఇందులోనే చెప్పేస్తే ఆమె ఆ రోజే వెళ్ళిపోతుంది. చెప్పకపోతే పదిహేనున వెళుతుంది. చివరికి, 'పదిహేను దాకా ఆగు. దానికి ముందర యాడికీ పోవద్దు. ఈ పొన్నమ్మకు మాట ఇయ్యి' అని పంపాను.

5-9-2002

'మాట ఇస్తా అక్కా.'

9-9-2002, సోమవారం

గుడియాత్తం వెళ్ళాను. అరుణాచలంగారు స్టాఫ్ రూములో ఉన్నారు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. మా సింధుజ పాసు కాలేదు, రెండు పేపర్లు ఉన్నాయి, ఫస్ట్ క్లాసు అని మీకు కార్డు రాసింది నేను, రిజల్టు చూడకుండా రాశాను.

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అదేమి టీచరమ్మా, ఇంత దూరం బస్సులో వచ్చి చెప్పల్నా? మన పాప. రెండు పేపర్లే కదా. రానీండి, చేరనీండి. సర్టిఫికెట్టు వచ్చినప్పుడు వస్తాది. నేనేమి అడుగుతానా?"

"మీరు అడగరు. బడిలో బ్లాకుబోర్డు ముందర నిలబడిన ప్రతి పొద్దూ అది తనను తానే అడుగుతాది" అన్నాను. నా నోటి నుంచి ఆ యాస వచ్చినందుకు ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"పిల్లే అబద్ధం చెప్పిందనుకోనుంటా నేను" అన్నారు గేటు దగ్గర. "మీరు ఇట్ల చేస్తారని ఎవురనుకుంటారు?"

"నేనే చేశానని రాసుకోండి" అన్నాను.

14-9-2002, శనివారం

సింధుజకు మధ్యాహ్నం వరకే ఆఫీసు. 2.40కి వచ్చింది. పెరట్లో బట్టలు ఉతుకుతోంది. అన్నీ ఉతుకుతోంది, వేసుకోనివి కూడా. దండెం మీద తొమ్మిది జతలు.

వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. అరుణాచలంగారితో మాట్లాడి వచ్చానని, పదహారున వెళ్ళనక్కర్లేదని, రెండు పేపర్ల సంగతి ఆయనకు తెలుసునని చెప్పాను. నాన్నకు కూడా నేనే చెప్తానని అన్నాను.

చేతిలో గుడ్డ అలాగే ఉంది. "ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే."

"నేను యాడ చెప్పినా? నేను ఎవురికీ..." ఆగింది. "పొన్నమ్మక్క చెప్పిందా? ఆమెకు నువ్వు ఎట్ల తెలుసు?"

ఆమె నా చేతులు చూసింది. గట్టు మీద వేళ్ళు టైపు కొట్టేటప్పటిలా వంచి ఉన్నాయి. అది నేను కావాలని చేయలేదు.

"నువ్వా" అంది.

"నేనే."

తిడుతుందనుకున్నాను. ఏం చెప్పాలో తయారు చేసుకుని ఉన్నాను. బోర్డు అందరికీ తెరిచిందేనని, పెద్దవాళ్ళ బాధ్యత అని. అదేదీ అడగలేదు.

"అయితే ఆలంగాయంలో ఎవురూ లేరా?"

"లేరు."

"మల్లెతోట?"

"లేదు."

"మేక కూడానా?"

"మేక కూడా లేదు."

అప్పుడు ఏడ్చింది. తల్లి పోయినప్పుడు ఇలా ఏడవలేదు. అప్పుడు తెలియని వయసు. సబ్బు చేతులతో ముఖం కప్పుకుంది. "దానికి పేరు కూడా పెట్టినావే. వానలో అది ఇంట్లోకి వచ్చేసిందని రాసినావే. ఆ పొద్దు నేను ఎంత నిమ్మళంగా నిద్రపోయినానో తెలుసునా నీకు? నా మాట వినే మనిషి ఒకతి ఉండిందని... అదీ నువ్వేనా?"

"నేనే విన్నాను" అన్నాను.

"నువ్వు వినల్యా. ఆమె వినింది."

కేసరి సంగతి చెప్పాను. పదకొండున్నరకు పంచానని, ఆమె ఒకటీ పదికి వచ్చిందని, నా పుస్తకంలో రెండూ ఉన్నాయని, నీ నోటి మాట నేను తీసేసుకున్నానని. ఇలాంటి మాటలు నోటితో చెప్పి అలవాటు లేక మధ్యలో రెండుసార్లు ఆగాను.

వింటోందో లేదో తెలియలేదు. బకెట్టు తిరగేసి లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

దండెం మీద ఆరిన బట్టలు నేనే తీసి మడిచాను. సంచీలో పెట్టుకోవడానికి వీలుగా మడిచాను. వెళ్ళేదుంటే ఉతికిన బట్టలతో వెళ్ళనీ. ఆమె తలుపు ముందు పెట్టి, వాటి మీద నెల ఖర్చుకు పక్కన పెట్టిన డబ్బు పెట్టాను. ఎంతన్నది రాయను.

15-9-2002, ఆదివారం

ఐదు గంటలకు లేచి నా గదిలోనే కూర్చున్నాను. గుమ్మం దగ్గర కూర్చుంటే కాపలా అవుతుంది.

ఆరు అయింది. ఏడు అయింది. బావి దగ్గర చెంబు చప్పుడు వినబడింది.

డబ్బు వంటింటి గూట్లో తిరిగి ఉంది.

పూర్ణచంద్ర పదకొండుకు వచ్చాడు. చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. "నా కూతురు, నాకెందుకు చెప్పల్యా అమ్మా?" అన్నాడు. "నేను అడ్డం కూర్చోనుంటిని గనక" అన్నాను. వాడు లేచి సింధు గది తలుపు ముందు నిలబడి, "భయపడొద్దు నాయనా, పరీచ్చ మళ్ళీ రాస్తువులే" అని, ఇంకేమీ తోచక బయటికి వెళ్ళి రెండు బన్నులు తెచ్చాడు.

16-9-2002

మాటలు లేవు. "పప్పు?" అంటే తల ఊపింది.

18-9-2002, బుధవారం

ఉదయం 8.40. సింధుజ ఆఫీసుకు బయలుదేరుతోంది. నేను వాకిట్లో ఉన్నాను. గోమతి తన గోడ మీదుగా తొంగి చూసి గట్టిగానే అడిగింది.

"ఏమి టీచరమ్మా, పాప సోమవారమే గుడియాత్తంలో చేరేదంటిరి? ఇంకా ఇక్కడే తిరగతా ఉండాది? ఫస్ట్ క్లాసు పిల్లకు ఆ ఉద్యోగం చాలదేమో!"

ఎదురింటి వాళ్ళు నీళ్ళ కుండలతో ఆగారు. సింధు గేటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది, వెనక్కి తిరగకుండా. పాపకు ఒంట్లో బాగాలేదు అనవచ్చు. వచ్చే నెల చేరుతుంది అనవచ్చు. గోమతి నమ్ముతుంది. నా మాటను ఈ వీధిలో నమ్మనివాళ్ళు లేరు.

"అది పాసు కాలేదు గోమతీ. రెండు పేపర్లు ఉండాయి. నవంబరులో రాస్తాది" అన్నాను.

"అయ్యో! అయితే పోయిన ఏడాది కేసరి...?"

"అది నేను చేసిన తప్పు. రిజల్టు రాకముందే పంచినాను. పిల్ల ఎప్పుడూ పాసైనానని చెప్పలేదు. చెప్పింది నేను. నీ ఎదురుగానే చెప్పినాను, నీకు గ్యాపకం లేదా?"

గోమతి నోరు తెరిచి, మూసుకుంది. కుండల వాళ్ళు కదిలారు. సింధు గేటు తీసుకుని వెళ్ళింది. నా వైపు చూడలేదు. మొదటి మలుపు దాకా మామూలుగా నడిచింది. తర్వాత కనబడదు.

సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. నేను చారు దించుతున్నాను. పీట వేసుకుని కూర్చుంది.

"గోమతత్తకు చెప్తే వీధంతా తెలిసిపోతాది."

"తెలుసు."

"తెలిసే చెప్పినావా?"

"ఆఁ."

అన్నం కలుపుకుంది. సగం తిన్నాక, కంచం వైపే చూస్తూ అంది: "రేపట్నించి నేను వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతాది. తోటపాళ్యంలో ఒక సారు దగ్గర లెక్కలకు చేరినాను. ఆ రెండు పేపర్లకీ."

నేను అడగలేదు. తనే చెప్పింది.